మ్యూరియల్‌గారి తరఫువాళ్ళు

పుష్పవతి డబ్లిన్‌లో బోమాంట్ ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తల్లో, భోజనాల గదిలో ఒక ఐరిష్ నర్సు ఆమెను ఆదివారాలు ఏ చర్చికి వెళ్తావని అడిగింది.

"సీఎస్ఐ," అంది పుష్పవతి.

"సీ ఆఫ్ ఐ నా? అయితే మీ ఇంటికి దగ్గరే ఉందే! పెట్రోలు బంకు పక్క సందులో. చిన్న రాతి గుడి."

దక్షిణ ఇండియా సంఘం అని పుష్పవతి ఉద్దేశం. చర్చ్ ఆఫ్ ఐర్లండ్ అని ఆ నర్సు ఉద్దేశం. పలకడంలో అవతలి మనిషే కాస్త తడబడిందనుకుని, ఇద్దరూ మర్యాదకి ఊరుకున్నారు.

ఇంటికొచ్చి భర్త టైటస్‌తో, "ఇక్కడ కూడా మన సీఎస్ఐ ఉందంటండీ," అని చెప్పింది.

టైటస్ నమ్మలేదు. "సౌత్ ఇండియా చర్చి ఐర్లండులో ఎందుకుంటది పుష్పా?" అన్నాడు. అయినా ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. గుడివాడ దగ్గర పల్లెలో వాళ్ళ నాన్న ఆమోసు సంఘపెద్దగా చేసి చేసి ముసలివాడయ్యాడు. ఆదివారం పూట ఇంట్లో కూర్చోవడం ఆ వంశంలో లేదు. వాళ్ళ పాప ఫెబికి అప్పుడు ఆరేళ్ళు.

గుమ్మం దగ్గర టైటస్ అలవాటుకొద్దీ బూట్లు విప్పాడు. లోపలికెళ్ళి చూస్తే అందరి కాళ్ళకీ బూట్లున్నాయి. వెనక్కెళ్ళి తొడుక్కుందామంటే ఆర్గాను మొదలైంది. నవంబరు నెల, రాతి నేల, మేజోళ్ళలోంచి చలి మోకాళ్ళ దాకా ఎక్కింది. పుష్పవతి తలమీద చున్నీ కప్పుకుంది. ఇంకే ఆడమనిషి తలమీదా గుడ్డ లేదు. తీసెయ్యాలో ఉంచాలో తేలక సగం జార్చి ఉంచింది.

ముందు వరసలన్నీ ఖాళీ. ఉన్న నలభైమందీ వెనకవైపే సర్దుకు కూర్చున్నారు. ముందు కూర్చుంటే తప్పేమోనని వీళ్ళూ ఆఖరి బల్ల మీద కూర్చున్నారు. ఆ బల్ల రెండో కొసన ఒక ముసలామె ఉంది. పొడుగ్గా, సన్నగా, ముదురు నీలం కోటులో ఉంది. వీళ్ళని ఒకసారి ఎగాదిగా చూసి, తన పాటల పుస్తకం సరైన పేజీకి తెరిచి బల్ల మీదుగా ఇటు జరిపింది. ప్రతి పాటకీ అలాగే చేసింది. ఒక్కసారీ నవ్వలేదు.

మాటలు ఇంగ్లీషువే కాని ఆ క్రమం పుష్పవతికి కొట్టినపిండి. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ, కీర్తన, పాఠాలు, విశ్వాస ప్రమాణం. ఊళ్ళో దేని తర్వాత ఏది వస్తుందో ఇక్కడా అదే వరస. ఆమె పెదవులు తెలుగులో జవాబులు చెప్పేస్తున్నాయి. అయితే ఇది సీఎస్ఐయే, అనుకుంది. ఎదురుగా ప్రభువు బల్ల దగ్గర తెల్లంగీ వేసుకుని నిలబడ్డది ఆడమనిషని అప్పుడు గమనించి, కాదేమో అనుకుంది.

ఆరాధన అయ్యాక ఆ తెల్లంగీ ఆమె గుమ్మం దగ్గర నిలబడి చేయి చాపింది. "నా పేరు హేజల్. యూ ఆర్ వెరీ వెల్‌కమ్," అంది. వెనకున్న ఇద్దరు ముగ్గురు కూడా అదే మాటన్నారు.

బయటికొచ్చాక టైటస్ బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు. "మనం థాంక్స్ చెప్పకుండానే వెల్‌కమ్ అంటారేంటి? మనమేమన్నా చెప్పడం మర్చిపోయామా?"

"ఏమోనండీ. ఆవిణ్ణి ఏమని పిలవాలో అది చెప్పండి ముందు."

అది నిజంగా చిక్కే. ఊళ్ళో పాస్టరుగారిని అయ్యగారంటారు, ఆయన భార్యని అమ్మగారంటారు. మరి ఈవిడ? అయ్యగారంటే మగవాడు, అమ్మగారంటే పాస్టరు భార్య. పేరు పెట్టి పిలవడానికి టైటస్‌కి నోరు రాదు. చివరికి "రెవరెండ్ మేడమ్" అని స్థిరపరిచాడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆమె "ఉత్త హేజల్ చాలు" అంటూనే ఉంది, అతను అలాగే పిలుస్తూనే ఉన్నాడు.

నీలం కోటు ముసలామె పేరు మ్యూరియల్. పెళ్ళి చేసుకోలేదు. సందు చివర పాత ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఆరాధన తర్వాత హాల్లో టీ ఇచ్చేటప్పుడు ఒకరోజు పుష్పవతితో, "మీరొకసారి మా ఇంటికి టీకి రావాలి," అంది.

"ఎప్పుడు రమ్మంటారు?" అని టైటస్ అడిగాడు.

మ్యూరియల్ కొంచెం తబ్బిబ్బయింది. "ఎప్పుడైనా," అంది.

ఆ మాట మీద ఇంట్లో రెండు వారాలు చర్చ నడిచింది. "మనూళ్ళో ఎప్పుడైనా రండి అంటే రావద్దనే కదండీ," అంది పుష్పవతి. "అది మనూళ్ళో. వీళ్ళు ఉన్నదున్నట్టు మాట్లాడతారంట," అన్నాడు టైటస్. ఒక శనివారం సాయంత్రం ఇంట్లో కడుపునిండా అన్నం తిని, గారెలు డబ్బాలో పెట్టుకుని ముగ్గురూ వెళ్ళి తలుపు కొట్టారు.

మ్యూరియల్ ఏప్రానుతో తలుపు తీసి, వాళ్ళని చూసి, వాళ్ళ వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూసింది. లోపలికి రమ్మంది. చాలాసేపు వంటింట్లో గిన్నెల చప్పుడు. తర్వాత బల్ల మీద ఉడికించిన గుడ్లు, హామ్ ముక్కలు, టమాటాలు, బ్రెడ్డు, కేకు వచ్చాయి.

"టీ అన్నారు కదా?" అని గొణిగాడు టైటస్.

"డాడీ, టీ అంటే డిన్నర్," అంది ఫెబి. బళ్ళో నేర్చుకుంది.

తినకపోతే బాగుండదని మళ్ళీ తిన్నారు. మ్యూరియల్ ఒక గారె తీసుకుని ఫోర్కుతో నాలుగు ముక్కలు చేసి, మూడు తింది. నచ్చిందో లేదో మొహంలో ఏమీ తెలియలేదు. బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, "కారు గడ్డి మీద పెట్టారు. ఇంకోసారి రోడ్డు మీద పెట్టండి," అంది.

"అంటే ఇంకోసారి రమ్మన్నట్టా? గడ్డి తొక్కామని తిట్టినట్టా?" ఇంటిదాకా ఇదే మాట.

నాలుగేళ్ళు అలాగే గడిచాయి. మ్యూరియల్ వాళ్ళతో ఒకే బల్ల మీద కూర్చునేది. ఫెబి చాకు పట్టుకోవడం బాగాలేదని దిద్దింది. ఫెబి పియానో నేర్చుకుంటోందని విని, బుధవారాలు తన ఇంటికొచ్చి తన పియానో మీద వాయించుకోమంది. వాయిస్తున్నంతసేపూ పక్క గదిలో రేడియో వినేది. వాళ్ళు ఎక్కడివాళ్ళని, ఎందుకొచ్చారని, ఇండియాలో ఎవరున్నారని ఎన్నడూ అడగలేదు. గుడివాడలో అయితే ఇవన్నీ మొదటి పది నిమిషాల్లో అడిగేస్తారు. అడగకపోవడం గౌరవమా, అక్కర్లేకపోవడమా, పుష్పవతికి అంతుపట్టలేదు.

ఈ ఫిబ్రవరిలో హేజల్ ఫోను చేసింది. మ్యూరియల్ రాత్రి నిద్రలోనే పోయిందట. పియానో వాయించడానికి వెళ్ళి తలుపు కొట్టి కొట్టి తిరిగొచ్చిన ఫెబి అప్పటికే ఏడుస్తూ కూర్చుంది.

పుష్పవతి చెప్పులేసుకుని బయల్దేరబోయింది. టైటస్ ఫోన్లో మ్యూరియల్ చావు ప్రకటన వెతికి చదివి, ఆపాడు.

"ఉండు. 'హౌస్ ప్రైవేట్' అని రాశారు."

"అంటే?"

"ఇంటికి రావద్దని."

"చావు ఇంటికి రావద్దంటారాండీ ఎవరన్నా?" అంది పుష్పవతి. ఊళ్ళో ఎవరైనా పోతే పిలుపు ఉండదు, పరుగే. వెళ్ళి కూర్చుంటారు, పాటలు పాడతారు, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కిళ్ళవాళ్ళు అన్నం పంపుతారు. ఇక్కడ మూడు రోజులు ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఆమెకి నేరం చేసినట్టుగా ఉంది.

శనివారం పదకొండింటికి భూస్థాపన ఆరాధన. పుష్పవతి తెల్లచీర కట్టింది. టైటస్ తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేశాడు. గుడి దగ్గరికొచ్చేసరికి ఊరంతా నల్లకోట్లలో ఉంది.

"అమ్మా, ఎవ్రీవన్ ఈజ్ ఇన్ బ్లాక్," అంది ఫెబి తల దించుకుని.

"మనకి తెలుపే," అంది పుష్పవతి. ఆమె గొంతులో నమ్మకం లేదు.

గుమ్మం దగ్గర నల్లసూటు మనిషొకడు, అంత్యక్రియలు చూసే కంపెనీ తాలూకు, వచ్చినవాళ్ళకి చోటు చూపిస్తున్నాడు. టైటస్ వైపు వంగి మెల్లగా, "ఫ్యామిలీ?" అని అడిగాడు.

టైటస్ పక్కనున్న భార్యనీ కూతుర్నీ చూపిస్తూ, "యెస్, ఫ్యామిలీ," అన్నాడు.

ఆ మనిషి ముందు నడిచాడు. ముగ్గురూ వెనక నడిచారు. ఆఖరి బల్ల దాటింది, మధ్యవి దాటాయి. ఇంకా నడుస్తూనే ఉన్నాడు. మొట్టమొదటి బల్ల దగ్గర ఆగి చేయి చూపించాడు. ఎదురుగా రెండడుగుల్లో మ్యూరియల్ శవపెట్టె ఉంది. బల్ల మీద ఒకే ఒక మనిషి, అరవై ఏళ్ళవాడు, ఎర్రటి మొహంతో కూర్చున్నాడు. వీళ్ళని చూసి గబగబా జరిగి చోటిచ్చాడు.

"ఏవండీ, ఇక్కడ కూర్చోబెట్టారేంటి?" అంది పుష్పవతి చెవిలో.

"లేటుగా వచ్చాం కదా. వెనక నిండిపోయుంటది," అన్నాడు టైటస్. వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఆరాధన అయ్యింది. హేజల్ ఆ ఎర్రమొహం ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన లేచి పెట్టె పక్కన నిలబడ్డాడు. జనం వరసగా రావడం మొదలైంది. బల్లలోంచి బయటపడదామని టైటస్ లేచాడు. అదే వాళ్ళు చేసిన రెండో పొరపాటు. లేచినచోటే వరస ఎదురైంది. మొదటి ముసలాయన ఎర్రమొహం ఆయన చేయి నొక్కి, అటునుంచి టైటస్ చేయి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నాడు.

"నో ట్రబుల్, సర్. నో ట్రబుల్ ఎటాల్," అన్నాడు టైటస్.

తర్వాత ఒకామె పుష్పవతి రెండు చేతులూ పట్టుకుంది. "సారీ ఫర్ యువర్ ట్రబుల్, లవ్." ఆమె వెనక ఇంకొకామె, ఇంకొకాయన. నాలుగేళ్ళుగా తలాడించడమే తప్ప మాట్లాడనివాళ్ళు కూడా వచ్చి చేతులు పట్టుకుంటున్నారు. మనకేం కష్టమొచ్చిందని వీళ్ళందరూ బాధపడుతున్నారు, అని పుష్పవతి గాభరా పడింది. మొన్న టైటస్ నడుము నొప్పి సంగతి ఎవరన్నా చెప్పారా?

ఫెబి తల్లి కొంగు లాగింది. "అమ్మా! దట్స్ వాట్ దే సే వెన్ సమ్‌వన్ డైస్. దే థింక్ వుయార్ హర్ ఫ్యామిలీ!"

పుష్పవతి టైటస్ చొక్కా పట్టుకుని లాగింది. "ఏవండీ, మనల్ని చుట్టాలనుకుంటున్నారు. పక్కకి రండి!"

"ఎటు రాను? అటు పెట్టె, ఇటు జనం!"

ఆమె ఎర్రమొహం ఆయన వైపు తిరిగి క్షమాపణ చెప్పబోయింది. ఆయన ఆమె మాట విన్లేదు. తన ముందుకొచ్చిన ఏ ఒక్కరి పేరూ ఆయనకు తెలియదని మొహమే చెబుతోంది. పుష్పవతి కాస్త దగ్గరగా జరిగి, ఆయన ముందున్నామె పేరు చెప్పింది. "ఈమె ఆర్గాను వాయిస్తారు." తర్వాతి ఆయన రాగానే, "ఈయన మ్యూరియల్‌గారి తోటలో గడ్డి కోసేవారు," అంది. ఆయన తలాడిస్తూ, ప్రతిసారీ ఆమె వైపు చూడసాగాడు. అలా వరస మొత్తం అయ్యేదాకా పక్కకి జరగడం కుదరలేదు.

సమాధుల తోట గుడి వెనకే. గాలి విసురుగా ఉంది. గోతి పక్కన తవ్విన మట్టి మీద పచ్చటి గుడ్డ పరిచారు. ఊళ్ళో అయితే అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తారు. టైటస్ మట్టెక్కడని చూసి, వంగి ఆ గుడ్డ అంచు ఎత్తి, గుప్పెడు తీసి వేశాడు. నల్లసూటు మనిషి ఒకడుగు ముందుకొచ్చి ఆగిపోయాడు. ఎర్రమొహం ఆయన టైటస్‌ని చూసి తానూ వంగాడు. అప్పుడు మిగతావాళ్ళు కూడా, కొందరు చేతి తొడుగులు విప్పుకుని మరీ, వచ్చి వేశారు.

"పాట లేదా, రెవరెండ్ మేడమ్?" అని పుష్పవతి మెల్లగా అడిగింది. పాట లేకుండా మనిషిని మట్టిలో పెట్టడం ఆమె చూడలేదు.

"మీరు పాడతారా?" అంది హేజల్.

పుష్పవతి అడిగింది అది కాదు. కాని అప్పటికే అందరూ తలలు వంచేశారు. వెనక్కి తగ్గే దారి లేక, అమ్మమ్మ పాడే తెలుగు కీర్తన ఎత్తుకుంది. శ్రుతి బాగా పైకి పోయింది. రెండో చరణం గుర్తురాక పల్లవే మళ్ళీ పాడింది. టైటస్ అందుకున్నాడు. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే ఫెబి కూడా, పలుకులన్నీ డబ్లిన్ యాసలో తిప్పుతూ గొంతు కలిపింది. పల్లవి ఎన్నిసార్లు వస్తుందో తెలియని ఒకాయన మధ్యలోనే "ఆమెన్" అని గట్టిగా అనేసి, పాట ఇంకా నడుస్తుంటే సిగ్గుపడి టోపీ సర్దుకున్నాడు.

తర్వాత హాల్లో టీ, శాండ్‌విచ్‌లు. పుష్పవతి తిన్నగా హేజల్ దగ్గరికెళ్ళింది. "పెద్ద పొరపాటైపోయింది మేడమ్. మేము చుట్టాలం కాదని ముందు బల్ల మీదున్న ఆయనకి చెప్పండి. మీరైనా ఆపలేదేంటి?"

"ఆపాలా?" అంది హేజల్. "ఆ బల్ల మీద మెర్విన్ ఒక్కడే కూర్చుంటాడేమోనని రాత్రంతా దిగులుపడ్డాను. మీరు నడిచి రావడం చూసి, మీ అంతట మీరే అతనికి తోడుగా వచ్చారనుకున్నాను."

పుష్పవతి చాలాకాలంగా గొంతులో ఉన్న ప్రశ్న అడిగేసింది. "ఆమెకి మేమంటే ఇష్టమేనా?"

హేజల్ నవ్వింది. "వారం వారం మీ గురించి నా దగ్గర గివ్ అవుట్ చేసేది."

పుష్పవతి ఫెబి వైపు తిరిగింది. "అంటే ఏం ఇచ్చింది?"

"ఇవ్వడం కాదమ్మా. తిట్టడం," అంది ఫెబి, ఈసారి తెలుగులోనే.

"మీరు ఆలస్యంగా వస్తారని, పాపకి టోపీ పెట్టరని," అంది హేజల్. "మీరు సెలవుకి ఇండియా వెళ్ళినప్పుడు మాత్రం మూడుసార్లు ఫోను చేసింది, వాళ్ళు తిరిగొస్తారా రారా అని." ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

తిట్టిందా, తలచుకుందా? పుష్పవతి ఆ రెంటినీ పట్టుకుని నిలబడి ఉండగా, ఎర్రమొహం ఆయన, హేజల్ చెప్పిన మెర్విన్, కప్పు పట్టుకుని వచ్చాడు. మ్యూరియల్ అక్క కొడుకట, మాంచెస్టర్ నుంచి వచ్చాడట. రేపు విమానమట. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో దిగాడట.

"రాత్రికి భోజనం?" అని అడిగింది పుష్పవతి.

"హోటల్లో ఏదో ఉంటుందిలెండి."

"చావు జరిగిన ఇంటివాళ్ళు హోటల్లో తినకూడదు. మా ఇంటికి రండి."

"మీ దయ. రావచ్చు, చూస్తాను," అన్నాడు మెర్విన్.

రావచ్చంటే వస్తాననా, రాననా? ఇక ఈ ఊహలు తన వల్ల కాదనిపించింది పుష్పవతికి. "ఏవండీ, కారు తియ్యండి. ఈయన మనతో వస్తున్నారు," అంది.

సాయంత్రం వాళ్ళ అపార్టుమెంటులో పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, ఉడికించిన గుడ్లు, అన్నం. మెర్విన్ స్పూనుతో మొదలుపెట్టి, కాసేపటికి ఫెబిని చూసి అప్పడాన్ని నలిపి అన్నంలో కలుపుకున్నాడు. పిన్ని గురించి అడిగాడు. ఫెబి బుధవారాల సంగతి చెప్పింది. తను తప్పు వాయించినప్పుడల్లా పక్క గదిలో రేడియో చప్పుడు తగ్గేదట, సరిగ్గా వాయిస్తే మళ్ళీ పెరిగేదట. పుష్పవతికి ఆ సంగతి ఇప్పటిదాకా తెలియదు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నేనే చూడటానికి రావాల్సింది," అన్నాడు మెర్విన్. "ఇరవై ఏళ్ళయింది. మీరైనా దగ్గరున్నారు. మా అమ్మ చెబుతుండేది, మా తాత తమ్ముడొకాయన మిషనరీగా ఇండియా వెళ్ళి అక్కడే ఉండిపోయాడని. గుళ్ళో మిమ్మల్ని చూడగానే అర్థమైంది, ఆ వైపు వాళ్ళని."

టైటస్ చేతిలో ముద్ద ఆగిపోయింది. పుష్పవతి వైపు చూశాడు. ఆమె ఫెబి వైపు చూసింది. ఫెబి కంచంలోకి చూసింది.

"అయ్యో, కాదండీ," అంది పుష్పవతి. ఇంగ్లీషు మాటలు ఒక్కటీ వరసలో రావడం లేదు. "మేము... ఆ మనిషి ఫ్యామిలీనా అని అడిగాడు. మా ఆయన యెస్ అన్నారు. మా ఫ్యామిలీ అని. నేను, ఈయన, పాప. అంతే. మేము గుడివాడవాళ్ళం. మీ తాతగారి తమ్ముడెవరో మాకు తెలియదు."

మెర్విన్ స్పూను కింద పెట్టాడు. ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "అంటే మీరు మాకు ఏమీ కారా?"

"చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుంటాం," అన్నాడు టైటస్. అంతకన్నా చెప్పడానికి అతనికి ఏమీ దొరకలేదు.

మెర్విన్ రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. కోపమొచ్చిందేమో, మోసపోయాననుకుంటున్నాడేమో, లేచి వెళ్ళిపోతాడేమో అని పుష్పవతి ఆయన్నే చూసింది. ఆయన మొహంలో మ్యూరియల్ మొహంలోలాగే ఏమీ తెలియడం లేదు.

తర్వాత ఆయన తన కంచం మెల్లగా ఆమె వైపు జరిపాడు.

"ఆ పప్పు ఇంకాస్త ఉందా?"